దిబ్బ కింద ఊరు: మీ ఊరికి కంటికి కనబడే పాత ఆనవాలు ఏముంది?

దిబ్బపక్కిల్లు (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది భట్టిప్రోలు. చిన్నప్పుడు ఊరి పక్క దిబ్బ మీదకి సందె వేళ వెళ్లనిచ్చేది కాదు మా నాయనమ్మ. అక్కడ ఏదో ఉందనేది, ఏముందో మాత్రం చెప్పేది కాదు. ఆ దిబ్బకి ఊళ్లో వాళ్లు వాడే పేరు బూతుమాట, ఇక్కడ రాయలేను. గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లకి చెప్పకపోయినా తెలుసు.

నిన్న మా అమ్మాయిని తీసుకెళ్లి చూపించాను. "నాన్నా, ఇక్కడ ఏం దొరికింది?" అంది. 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన తవ్వితే స్తూపం మధ్యలో రాతి పేటికలు బయటపడ్డాయని, వాటిలో స్ఫటిక భరిణె ఉందని, బంగారు పూలు ఉన్నాయని చెప్పాను. దానికి అవేమీ ఆనలేదు. "మరి పెట్టె మీద ఏం రాశారు?" అంది. ఒక పేటిక మీద రాసింది ఇదీ: కుర అనే ఆయన తండ్రి, కుర తల్లి, కుర, శివ, వీళ్లంతా కలిసి బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు, ఉంచడానికి ఈ పెట్టె, స్ఫటిక భరిణె చేయించారు. అంతే. తండ్రి, తల్లి, కొడుకు, ఇంకొకరు. రెండు వేల ఏళ్లు దాటింది. వాళ్ల పేర్లు నా కూతురు గట్టిగా చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది.

అందుకే అడుగుతున్నాను. మీ ఊరికి స్థలపురాణం ఉంటే ఉండనివ్వండి, అది కాకుండా మీరు కళ్లతో చూసిన పాత ఆనవాలు ఏమిటి? రాయో, నాణెమో, ఇటుకో.

---

తామ్రపత్రం (ఆదివారం, రాత్రి 10:02)

మంచి మాట ఎత్తారండీ. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఊరి పేరు దగ్గర మొదలుపెట్టకుండా ఉండలేను.

"ప్రోలు" అంటే పట్నం. భట్టిప్రోలు, చేబ్రోలు అన్నీ ఆ కోవే. పల్లె అంటే వేరు, పాడు అంటే వేరు. ప్రోలు అన్నారంటే ఒకప్పుడు అక్కడ వ్యాపారం జరిగిందనీ, జనం పదిమందీ చేరి బతికారనీ నా నమ్మకం. భట్టిప్రోలు పేటికల మీదే ఇంకోచోట "నిగమ" సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. నిగమం అంటే వర్తకుల సంఘం. రాజు పేరూ ఉంది, కుబిరకుడు. అయినా రాజు పేరొక్కటే చెప్పి ఊరుకోలేదు, ఊళ్లో పెద్దమనుషుల పేర్లన్నీ చెక్కించారు. పట్నమంటే అదీ.

ఆ లిపి గురించి ఒక్క ముక్క. మామూలు బ్రాహ్మిలో, అంటే అశోకుడి నాటి లిపిలో, ఏ గుర్తూ లేకుండా అక్షరం రాస్తే "క" అని చదువుతాం. భట్టిప్రోలులో గుర్తు లేకపోతే అది "క్". "క" కావాలంటే పక్కన చిన్న గీత పెట్టాలి. పొల్లుకీ అచ్చుకీ తేడా చూపాలన్న ఆలోచన మన నేల మీద ఆ రోజుల్లోనే చేశారు. మా పిల్లలకి బోర్డు మీద ఆ రెండూ పక్కపక్కన రాసి చూపించేవాణ్ణి. వెనక బెంచీ వాళ్లు కూడా లేచి నిలబడి చూసేవాళ్లు.

---

న్యూజెర్సీ_తెనాలి (సోమవారం, ఉదయం 6:45)

అమరావతి గురించి ఎవరైనా రాయండి. లండన్ వెళ్లినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఆ పలకలు చూశాను. అద్దాల వెనక మన పాలరాతి రంగు సున్నపురాయి. పక్కన ఒక తెలుగు కుటుంబం కూడా ఉంది, వాళ్ల పెద్దాయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. నేనూ విప్పాను.

---

తామ్రపత్రం (సోమవారం, ఉదయం 8:20)

అమరావతి అనే పేరు కంటే అక్కడి ఊరు చాలా పాతదండీ. పాత పేరు ధాన్యకటకం. శాసనాల్లో "ధంఞకడ" అని ప్రాకృతంలో ఉంటుంది. ఆ పాత కోట ఊరు ఇవాళ్టి ధరణికోట, అమరావతికి ఆనుకునే ఉంది. 1960ల్లో అక్కడ తవ్వితే పడవలు వచ్చే కాలువ, దాని ఒడ్డున రేవు కట్టడం బయటపడ్డాయి. మొదట కర్రతో కట్టారు, తర్వాత ఇటుకతో. సముద్రం ఎక్కడ, ధరణికోట ఎక్కడ! కృష్ణలోంచి పడవ తిరిగి కోట పక్కకొచ్చి ఆగేది.

ఇక స్తూపం సంగతి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి వదిలి అమరేశ్వరాలయం దగ్గర కొత్త పట్నం కట్టించారు. పట్నం కట్టడానికి రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే దిబ్బలో రాయి తయారుగా ఉంది. తవ్వితే బొమ్మలున్న పలకలు వచ్చాయి. కొన్ని మెట్లకి పోయాయి, కొన్ని గోడలకి, కొన్ని సున్నం బట్టీకి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ వచ్చి చూశాడు, మళ్లీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. ఇవాళ మనకి ఆ స్తూపం ఎలా ఉండేదో కొంతైనా తెలుస్తోందంటే ఆ గీతల వల్లే. మధ్యలో ఆ పంతొమ్మిదేళ్లలో ఎంత పోయిందో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

నాయుడు గారిని తప్పుపట్టడానికి రాయడం లేదు. గుళ్లు కట్టించిన మనిషి. ఆ రోజుల్లో ఆ రాయి ఏమిటో చెప్పగలిగిన వాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

---

పెద్దపల్లి_పిల్లగాడు (సోమవారం, మధ్యాహ్నం 1:15)

అన్నా, గుంటూరు ముచ్చట్లే నడుస్తున్నయ్. మా గోదారి ఒడ్డు ముచ్చట గూడ ఇనుండ్రి.

కోటిలింగాల అని ఉంటది, ఇప్పుడు జగిత్యాల జిల్లా. పెద్దవాగు వచ్చి గోదాట్ల కలిసే కాడ ఊరు. ఆడ దిబ్బ మీద వాన పడ్డంక మట్టి కొట్టుకపోతే పొల్లగాండ్లకు నాణేలు దొరికేటివంట. ఆ నాణేలే చరిత్ర మార్చినయ్. శాతవాహనుల మొదటి రాజు సిముకుని పేరున్న నాణేలు దొరికింది ఈడనే. ఆయనకన్న ముందు ఏలినోళ్లయి గూడ దొరికినయ్. గోభద, నారన, కంవాయ, సమగోప. ఈ పేర్లు ఏ పురాణంల లేవు, ఏ పుస్తకంల లేవు. నాణెం ఒక్కటే చెప్పింది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివి లోకానికి చెప్పిండ్రు. శాతవాహనులు పడమటి దిక్కు నుంచే వచ్చిండ్రు అనేటోళ్లు అప్పట్నుంచి మళ్లొకసారి ఆలోచించవట్టిరి.

మా దగ్గర ధూళికట్ట గూడ ఉంది. మట్టికోట, స్తూపం. పడగల కింద బుద్ధుని పాదాలున్న నాగముచిలింద పలక చూస్తే కండ్లు తిప్పబుద్ధి కాదు. గ్రీకు రాయబారి మెగస్తనీసు ఆంధ్రులకు ముప్పై కోట గోడలున్న పట్నాలు ఉన్నయన్నడని రోము రచయిత ప్లినీ రాసిండు. లక్ష కాల్బలం, రెండు వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు. ఆ ముప్పైల పేర్లు మాత్రం చెప్పలే. నేనైతే ధూళికట్ట గోడ మీద నిలవడ్డప్పుడల్ల ఇది ఒకటి కావచ్చు అనుకుంట.

ఒక బాధ గూడ ఉంది. ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టినంక నీళ్లు కోటిలింగాల దిబ్బ మీదికి ఎక్కినయ్. ప్రాజెక్టు వద్దంటలేను, మా పొలాలకు నీళ్లు కావాలె. కానీ తవ్వకం పూర్తిగ అయినంక నీళ్లు నింపితే ఏమైతుండె?

---

సాగర్_ముంపు (సోమవారం, సాయంత్రం 7:30)

పెద్దపల్లి తమ్ముడూ, నీ ఆఖరి మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా తాతగారిది నాగార్జునకొండ లోయ. పుల్లారెడ్డిగూడెం పక్క. సాగర్ కట్టేటప్పుడు లేచి వచ్చేశారు.

ఆ లోయ అడుగున విజయపురి ఉంది, ఇక్ష్వాకుల రాజధాని. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు, మూడో శతాబ్దంలో మొదలుపెట్టి నాలుగు తరాలు ఏలారు. 1926లో ఆ చోటు బయటపడింది. 1955 డిసెంబర్ 10న ఆనకట్టకి శంకుస్థాపన జరిగింది. ఎలాగూ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆరేళ్లు లోయంతా తవ్వారు. విహారాలు, స్తూపాలు, కోట, స్నానఘట్టం, మెట్ల మైదానం బయటపడ్డాయి. కొన్నిటిని రాయి రాయీ లెక్కపెట్టి కొండ మీదకీ, అనుపు అనే చోటికీ మోసుకొచ్చి తిరిగి పేర్చారు.

మా తాత ఆ తవ్వకాల్లో కూలికి వెళ్లాడు. ఆయన చెప్పేవాడు: పొద్దున మట్టి తీసేవాళ్లం, సాయంత్రం మా ఇంటి సామాను సర్దుకునేవాళ్లం. మట్టిలోంచి లేచే ఊరు ఒకటి, నీళ్లలోకి పోయే ఊరు ఇంకొకటి, రెండూ ఒకే ఊరు.

లాంచీలో మ్యూజియానికి వెళ్లే వాళ్లు ఒక్క నిమిషం కిందకి చూడండి. ఆ నీళ్ల కింద రెండు ఊళ్లున్నాయి.

---

ఘంటసాల_కోడలు (సోమవారం, రాత్రి 9:55)

అన్నయ్యగారూ, చదువుతుంటే కన్నీళ్లు ఆగలేదండీ.

నేను మెట్టింటి ఊరి గురించి రాస్తాను. పేరు చెప్పగానే అందరూ పాటల ఘంటసాల గారినే తలుచుకుంటారు, సంతోషమే. కానీ ఊరు అంతకంటే చాలా పాతది. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలమీ "కంటకోస్సిల" అని రాసిన రేవు మా ఘంటసాలే అంటారు. ఆ మాటకి సాక్ష్యం మీ నాగార్జునకొండలోనే ఉంది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కంటకసెల మహాచైత్యం పేరు వస్తుంది. అదే శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, తామ్రపర్ణి ద్వీపం, ఇలా ఎక్కడెక్కడి దేశాల పేర్లో ఉన్నాయి.

ఒక ఆడమనిషి తన సొమ్ముతో కట్టించి, తన వాళ్లందరి పేర్లూ రాయించుకుంది. మా అత్తగారికి ఇది చదివి వినిపిస్తే "మనం గుడికి ఫ్యాను ఇచ్చి రెక్కల మీద పేర్లు రాయించుకోమూ, అట్టాగే" అన్నారు. నిజమే కదా అనిపించింది.

ఇప్పుడు మా ఊరి నుంచి సముద్రం కనబడదు. చుట్టూ వరి చేలు. కృష్ణ ఒండ్రు పోసుకుంటూ పోసుకుంటూ కడలిని దూరం జరిపేసింది. రేవు ఊరు పైరు ఊరైంది.

భట్టిప్రోలు అన్నయ్యగారూ, మీరు రాయలేనన్న పేరే మా దిబ్బకీ ఉండేది. ఎందుకలా అన్నారో?

---

తామ్రపత్రం (సోమవారం, రాత్రి 10:40)

బౌద్ధం పోయాక, అక్కడ ఏం జరిగేదో మరిచిపోయాక, జనం ఆ చోటుని చిన్నచూపు చూశారు. పేరు దాని గుర్తు. నా అభిప్రాయం ఇదే. అలాంటి పేరున్న దిబ్బ ఎక్కడ కనబడ్డా దాని కింద స్తూపం ఉందేమోనని ముందు అనుమానించాలి. చులకన చేసిన పేరే ఇవాళ మనకి దారి చూపిస్తోంది.

---

కొండపల్లి_బొమ్మ (మంగళవారం, ఉదయం 7:05)

పెద్దలందరూ స్థలపురాణాలు పక్కన పెట్టమంటున్నారు. నాకు కష్టంగా ఉంది. మా బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడని పుట్టినప్పటి నుంచి వింటున్నాం. అంటే మా ఊరు ద్వాపరం నాటిది. మీ నాణేల కంటే పాతది కాదా?

---

తామ్రపత్రం (మంగళవారం, ఉదయం 8:30)

అమ్మా, పక్కన పెట్టమనలేదు, పారెయ్యమనలేదు. అమ్మవారి కొండ ఎక్కేటప్పుడు నేనూ ఆ కథే తలుచుకుంటాను. కథ మనవాళ్లు దేన్ని పూజించారో చెబుతుంది. ఎప్పటిదో చెప్పదు. అది చెప్పాల్సింది రాయి.

మీ బెజవాడకి ఎంత గొప్ప రాయి ఉందో తెలుసా? యుద్ధమల్లుడి శాసనం. తొమ్మిది, పదో శతాబ్దాల నాటిది, నన్నయ గారి కంటే ముందుది. మధ్యాక్కరల్లో, పద్యంలో ఉంది. అందులో "బెజవాడ" అని ఊరి పేరు చక్కగా ఉంటుంది. వెయ్యేళ్ల కిందట రాయి మీద చెక్కిన మాటని ఇవాళ బస్సు కండక్టరు అదే పలుకుతో పిలుస్తున్నాడు. ఇంతకంటే ఏం కావాలమ్మా!

---

కొండపల్లి_బొమ్మ (మంగళవారం, ఉదయం 9:12)

ఈ శాసనం సంగతి ఇన్నేళ్లు ఇక్కడే ఉండి కూడా నాకు తెలియదండీ. బడిలో ఒక్కరూ చెప్పలేదు. ధన్యవాదాలు మాస్టారూ.

---

గోదారొడ్డు (మంగళవారం, మధ్యాహ్నం 12:20)

రాజమండ్రి వాణ్ణండి. మా ఊరు రాజరాజనరేంద్రుడు కట్టిందేనండి, అందుకే ఆ పేరు. ఇందులో వాదన ఏముందండి?

---

తామ్రపత్రం (మంగళవారం, మధ్యాహ్నం 2:00)

వాదన ఉందండీ. రాజమహేంద్ర అనేది మొదటి అమ్మరాజు బిరుదు. ఆయన పదో శతాబ్దం మొదటి భాగంలో ఏలాడు. రాజరాజు 1022లో గానీ గద్దెనెక్కలేదు. నన్నయ గారు భారతం అవతారికలో "రాజమహేంద్రపురంబునందు" అని రాశారంటే ఆయన నాటికే ఆ పేరు నిలిచిపోయిందన్నమాట. అమ్మరాజు పేరనే నేను అనుకుంటాను. రాజరాజు వల్ల ఆ ఊరికి వచ్చిన కీర్తి అందువల్ల తరగదు, మహాభారతం తెలుగవడం మొదలైంది అక్కడే కదా. అంతకుముందు రాజధాని వేంగి, ఏలూరు పక్క పెదవేగి. ఇవాళ పెదవేగి మీదుగా వెళ్లే వాళ్లలో ఎంతమంది ఆ దిబ్బల వైపు తల తిప్పుతారు?

---

చీరాల_నేత (మంగళవారం, రాత్రి 8:45)

మోటుపల్లి ఎవరూ ఎత్తలేదేంటి? మా చీరాలకి దగ్గరే. చినగంజాం దాటి సముద్రం వైపు తిరిగితే చిన్న పల్లె. వీరభద్రుడి గుడి, ఇసక, తాటిచెట్లు. ఇదొక మహారేవు అంటే మా పిల్లలు నమ్మలేదు.

ఆ గుడి దగ్గర గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనం ఉంది, 1244 నాటిది. సంగతి ఏమిటంటే, అంతకుముందు రాజులు తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే దాన్నంతా లాగేసుకునేవాళ్లు. అప్పటికే అంతా పోగొట్టుకున్నవాడి మీద ఇంకో దెబ్బ. గణపతిదేవుడు అది ధర్మం కాదన్నాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చేవాళ్ల మీద దయతో సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాతి మీద రాసి ఇచ్చాడు. సుంకం ముప్పైకి ఒకటి. చందనానికి ఇంత, కర్పూరానికి ఇంత అని సరుకు సరుకుకీ లెక్క ఉంది.

మాది మగ్గం కుటుంబం. మార్కో పోలో ఈ తీరాన్ని "ముత్ఫిలి" అని రాసి, ఇక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉంటుందన్నాడు. మా నాన్న నూలు పడుగు పోస్తూ ఆ మాట నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. రెండోసారి చదివాక నూలు చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు.

ఆ శాసనం ముందు నేను అరగంట కూర్చున్నాను. అక్షరాలు చదవడం రాదు. వేలితో తడిమితే మాత్రం తెలుస్తాయి.

---

పెద్దపల్లి_పిల్లగాడు (మంగళవారం, రాత్రి 9:30)

చీరాల అన్నా, కాకతీయులది మా ఓరుగల్లు, రేవు మీ దగ్గర. ఇట్ల చూస్తే మనది ఒకే ముచ్చట. 1163ల రుద్రదేవుడు అనుమకొండల వెయ్యిస్తంభాల గుడి కట్టిచ్చిండు, గణపతిదేవుడు ఓరుగల్లు కోట పెంచిండు. ఆడ బట్టలు, వజ్రాలు ఓడ ఎక్కుతుంటె ఈడ తోరణాలు లేస్తున్నయ్.

---

చేబ్రోలు_వాసి (బుధవారం, సాయంత్రం 6:10)

మూడు రోజులుగా చదువుతున్నాను, ఇవాళ రాస్తున్నాను. మాది చేబ్రోలు. తామ్రపత్రం గారు పైన మా ఊరి పేరు ఎత్తారు.

కొన్నేళ్ల కిందట మా భీమేశ్వరస్వామి గుడి బాగు చేస్తున్నప్పుడు అక్షరాలున్న స్తంభం ఒకటి కనబడింది. మా ఊరి వాళ్లే పురావస్తు శాఖ వారికి కబురు పెట్టారు. వాళ్లు వచ్చి అచ్చు తీసి చదివారు. శాతవాహన రాజు విజయుడి అయిదో ఏటిది. అంటే క్రీ.శ. 207. సంస్కృతంలో ఉంది. దక్షిణాదిలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో అన్నిటికంటే పాతదని 2019 చివర్లో ప్రకటించారు. "తాంబ్రాపే" అనే ఊళ్లో భగవతి శక్తిమాతృకల గుడి దగ్గర మండపం కట్టించిన సంగతి అందులో ఉంది. ఆ తాంబ్రాపే మా చేబ్రోలే. తర్వాతి శాసనాల్లో తామ్రపురి. తామ్రం ఎరుపు, "చెం" అన్నా ఎరుపే. పేరు భాష మార్చుకుంది గానీ రంగు మార్చుకోలేదు.

కబురు పెట్టకపోయి ఉంటే? ఆ స్తంభం మళ్లీ ఏ గోడలోనో కలిసిపోయేది. సున్నం కొట్టేసేవాళ్లు. ఊళ్లో వాళ్ల ఒక్క కబురుతో దక్షిణాది చరిత్రకి కొత్త పేజీ దొరికింది.

---

సాగర్_ముంపు (బుధవారం, సాయంత్రం 7:40)

ఇది అందరికీ చేరాలి. మాకు దగ్గర్లో ఒక దిబ్బని రెండు వేసవుల్లో ట్రాక్టర్లతో ఎత్తుకెళ్లిపోయారు, ప్లాట్ల మెరకకి. నేను వెళ్లేసరికి ఎర్రటి పెంకులు, నల్లటి మెరిసే పెంకులు చక్రాల కింద నలిగి ఉన్నాయి. ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పాల్సిన రోజున చెప్పలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

---

తామ్రపత్రం (బుధవారం, రాత్రి 8:25)

ఎవరికి చెప్పాలో రాస్తాను, దాచుకోండి. భూమిలో నాణేలో విగ్రహాలో దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి. ఊళ్లో అయితే తహసీల్దారు ద్వారా వెళ్తుంది. రాష్ట్ర పురావస్తు శాఖకి కూడా ఒక ఉత్తరం రాయండి. రాయిని కదపకండి, కడగకండి, పసుపు రాయకండి. అక్షరాలు కనబడాలని సుద్దతో దిద్దకండి, దిద్దితే తప్పు అక్షరం నిలిచిపోతుంది. ఏటవాలు వెలుగులో, పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదింటికో ఫొటో తీయండి. మిట్టమధ్యాహ్నం కనబడని గీత అప్పుడు కనబడుతుంది.

ఇటుక దొరికితే కొలవండి. శాతవాహనుల నాటి ఇటుక దాదాపు మూరెడు పొడుగు, జానెడు వెడల్పు ఉంటుంది. చేత్తో ఎత్తితేనే తేడా తెలుస్తుంది.

---

ఘంటసాల_కోడలు (బుధవారం, రాత్రి 9:05)

మాస్టారూ, మీ మాట ప్రింటు తీసి మా పంచాయతీ బోర్డు మీద అంటించమని మావారికి చెప్పాను.

---

దిబ్బపక్కిల్లు (గురువారం, ఉదయం 6:30)

నిన్న రాత్రి మాస్టారి ఇటుక మాట చదివి నిద్ర పట్టలేదు. తెల్లవారుతూనే మా పెరట్లోకి వెళ్లాను. నూతి దగ్గర మా నాయనమ్మ కాళ్లు కడుక్కునే మెట్టు ఉంది. చిన్నప్పటి నుంచి దాని మీద నిలబడే స్నానం చేశాం. టేపు పెట్టి కొలిచాను. నలభై ఎనిమిది సెంటీమీటర్లు. వెడల్పు ఇరవై నాలుగు.

దిబ్బ మట్టి, ఇటుక ఎప్పుడో రోడ్డుకీ కాలువ పనులకీ తోలారని పెద్దవాళ్లు అనేవాళ్లు. మా ఇంటికీ వచ్చిందన్నమాట. సందె వేళ దిబ్బ ఎక్కొద్దన్న మా నాయనమ్మ రోజూ దాని మీదే కాళ్లు కడుక్కుంది.

ఇటుక కదపలేదు. చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి, మా అమ్మాయి చేత పక్కన స్కేలు పెట్టించి ఫొటో తీశాను. పది గంటలకి ఆఫీసు తెరుస్తారు. ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాను.